సాత్విక్ ఫ్లెక్సీ కట్టిన హాల్లో పిల్లలకు ఎన్ని గంటలు?

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో బ్యాడ్మింటన్ ఆడే ఇండోర్ హాళ్లు నడుపుతున్న కమిటీల పెద్దలకు, ఆ కమిటీల్లో ఉన్న మన తెలుగు సంఘాలవారికి నమస్కారం.

నాది స్పోర్ట్స్ సామాన్ల కొట్టు. మూలన రాకెట్లకు తీగ బిగించే గట్టింగ్ మెషీన్ ఒకటి ఉంది, ఇల్లు గడిచేది ఎక్కువగా దాని మీదే. మీలో చాలామంది రాకెట్లు నా చేతుల మీదుగా వెళ్లినవే కాబట్టి కాస్త చనువు తీసుకుని రాస్తున్నాను. ఊరి పేరు కావాలనే రాయలేదు. పర్లాకిమిడివాళ్లు చదివితే పర్లాకిమిడి అనుకుంటారు, రాయగడవాళ్లు రాయగడ అనుకుంటారు. గుణుపురం, బరంపురం, జయపురం... ఎవరికి వారికి తమ హాలే గుర్తొస్తే నా పని సులువవుతుంది.

మొన్నామధ్య మా హాల్లో ఒక సభ జరిగింది. ‘తెలుగు తేజం సాత్విక్ సాయిరాజ్’ అని గోడంత ఫ్లెక్సీ, కింద ఎర్రంకెల్లో 565. పిల్లల్ని నాలుగింటికే రమ్మన్నారు. ఆడిస్తారనుకుని వాళ్లు పాపం రాకెట్లు కూడా తెచ్చుకున్నారు. చూస్తే కోర్టు నిండా ప్లాస్టిక్ కుర్చీలు. దీపం వెలిగించారు, ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు, వరసగా మైకు పట్టుకున్నారు. చివర్లో పిల్లలకు తలా ఒక సమోసా. ఏడు దాటాక మెంబర్ల బ్యాచ్ వచ్చి, కుర్చీలు తీయించి, నెట్ కట్టించుకుంది. పిల్లలు సంచీ జిప్పు తీయకుండానే ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆ రోజు మైకులో అందరూ చెప్పింది 565 గురించే. రేసు కారు కంటే స్పీడట, బుల్లెట్ రైలు కంటే స్పీడట. నిజమే, చిన్న విషయం కాదు. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా అనే ఊళ్లో, రాకెట్లు చేసే యోనెక్స్ వాళ్ల ఫ్యాక్టరీ జిమ్‌లో కొలిచిన స్మాష్ అది, అంటే పైనుంచి కిందికి బాదే దెబ్బ. గంటకు 565 కిలోమీటర్లు. అంతకుముందు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ పేరిట ఉన్న 493 రికార్డు దాదాపు పదేళ్లు నిలిచింది. అయితే ఆ 565 మ్యాచ్‌లో కొట్టినది కాదు. పైగా అది కాక్ రాకెట్‌ను వదిలిన క్షణంలో ఉండే వేగం. కాక్‌కు పదహారు ఈకలుంటాయి. అవి గాలిని పట్టేస్తాయి కాబట్టి అవతలి మనిషిని చేరేలోపు వేగం బాగా పడిపోతుంది. అందుకే ఎంత బలంగా బాదినా పై స్థాయి ఆటలో కాక్ తిరిగి వస్తూనే ఉంటుంది. తిరిగొచ్చిన కాక్‌ను నెట్ దగ్గర చంపేది ఎవరు? సాత్విక్ ఆటలో సగం కథ అక్కడుంది. ఆ సగం కథకు పేరు చిరాగ్ శెట్టి, డబుల్స్‌లో అతని జోడీ. ఫ్లెక్సీ మీద అతని ఫొటోయే లేదు! ఇద్దరు కలిసి ఆడి గెలిచిన పతకాలన్నిటి కిందా ఒక్కడి బొమ్మ వేశారు.

సాత్విక్ గురించి మన పిల్లలకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అతను పుట్టింది అమలాపురంలో, 2000 ఆగస్టు 13న. ఆ ఊరికి ఇప్పటికీ రైలు లేదు. మన గుణుపురం నుంచి విశాఖకు రైలెక్కి పోవచ్చు, అమలాపురం నుంచి ఆ వీలు కూడా లేదు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, తానూ షటిల్ ఆడినవాడు. అన్న ఆడుతుంటే వెనకాలే తమ్ముడు రాకెట్ పట్టాడు. హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్లింది 2014లో. అప్పటికే చేతిలో ఆట ఉంది కాబట్టే అక్కడ చేర్చుకున్నారు. ఆ ఆట అబ్బింది అమలాపురంలో. అక్కడ ఆడటానికి కోర్టు ఉండబట్టి, చెప్పే మాస్టారు ఇంట్లోనే ఉండబట్టి. మన ఊళ్లలోనూ డ్రిల్ మాస్టార్లున్నారు. వాళ్లను సభకు పిలిచి ముందు వరసలో కూర్చోబెడుతున్నారు, సంతోషం. హాలు తాళం మాత్రం వాళ్ల చేతికి ఇవ్వరు.

ఇక డబుల్స్ మాట. మన దేశంలో చాలా కాలం డబుల్స్ అంటే సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్లు ఆడేది అన్నట్టు చూశారు. గుత్తా జ్వాల ఏళ్ల తరబడి దీని మీదే గొడవ పడింది. 2011లో అశ్విని పొన్నప్పతో కలిసి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చాక గానీ కొంతమంది నోళ్లు మూతపడలేదు. తర్వాత మలేషియా నుంచి టాన్ కిమ్ హర్ అనే కోచ్ వచ్చాడు. సాత్విక్‌కు వేరే జోడీ ఉన్నాడు, చిరాగ్‌కు వేరే జోడీ ఉన్నాడు. ఆయన ఆ రెండు జోడీలూ విడగొట్టి వీళ్లిద్దర్నీ ఒక పక్క నిలబెట్టాడు. ఇద్దరూ పొడగరులు, ఇద్దరికీ వెనక నుంచి బాదడమే అలవాటు. ఒకడు అమలాపురం, ఒకడు ముంబయి. ఇంట్లో మాట్లాడే భాషలు వేరు. చూసినవాళ్లంతా ఇదేం జోడీ అనుకునే ఉంటారు. చిరాగ్ మెల్లగా నెట్ ముందు ఆట నేర్చుకున్నాడు, సాత్విక్ వెనక కుదురుకున్నాడు.

2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో టీమ్ స్వర్ణం, డబుల్స్‌లో రజతం. 2019లో థాయిలాండ్ ఓపెన్. సూపర్ 500 స్థాయి టైటిల్ గెలిచిన మొదటి భారత డబుల్స్ జోడీ వాళ్లే. ఆ తర్వాత టోక్యో ఒలింపిక్స్. ఇది పిల్లలకు రెండుసార్లు చెప్పాలి. గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచారు. గెలిచిన వాటిలో ఒకటి తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్ మీద, చివరి గేమ్ 27-25. గ్రూపులో మూడు జోడీలకు రెండేసి గెలుపులొచ్చాయి. గేముల లెక్క తీస్తే మనవాళ్లు మూడో స్థానం, ఇంటిదారి. వీళ్ల చేతిలో ఓడిన ఆ తైవాన్ జోడీయే చివరికి స్వర్ణం పట్టుకెళ్లింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండని కుర్రాడికి ఎంత కడుపుమంట! తర్వాతి ఏడాది మే నెలలో బ్యాంకాక్‌లో థామస్ కప్ (మగవాళ్ల జట్ల ప్రపంచ పోటీ) ఫైనల్, ఎదురుగా ఇండోనేషియా. మొదటి గేమ్ పోయింది. రెండోది 23-21, మూడోది 21-19తో లాక్కొచ్చారు. లక్ష్య సేన్, మన గుంటూరు శ్రీకాంత్ సింగిల్స్ గెలిచారు. 3-0. భారత్‌కు థామస్ కప్ రావడం అదే మొదటిసారి.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం, ఇవన్నీ ఫ్లెక్సీ మీద ఉన్నవే. 2023 మాత్రం వేరే సంవత్సరం. దుబాయ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం. 1965లో దినేశ్ ఖన్నా సింగిల్స్‌లో గెలిచాక మళ్లీ మనకు రాలేదది. జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో మలేషియా జోడీ ఆరన్ చియా, సో వూయి యిక్ ఎదురుపడ్డారు. అంతకుముందు ఆ జోడీతో ఆడిన ఎనిమిదిసార్లూ మనవాళ్లు ఓడిపోయారు. తొమ్మిదోసారి రెండు గేముల్లోనే ముగించేశారు. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో దేశానికి మొట్టమొదటి స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్. ఆ సంవత్సరానికి ఖేల్ రత్న.

సభలో కథ ఇక్కడ ఆపేశారు. చప్పట్లు కొట్టడానికి ఇదే మంచి చోటనుకున్నారేమో. తర్వాతిది కూడా పిల్లలకు తెలియాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు పతకం ఖాయమనిపించుకుని వెళ్లారు. క్వార్టర్ ఫైనల్లో అదే మలేషియా జోడీ. మొదటి గేమ్ 21-13తో గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకున్నారు. 2025 ఫిబ్రవరిలో, ఖేల్ రత్న అందుకోవాల్సిన సమయంలోనే, సాత్విక్ తండ్రి గుండె ఆగి కన్నుమూశారు. కొడుక్కి రాకెట్ పట్టించిన మనిషి ఆ పురస్కారం అందుకోవడం చూడలేకపోయాడు. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది మళ్లీ పారిస్‌లోనే. క్వార్టర్స్‌లో మళ్లీ ఆ మలేషియా జోడీయే. ఈసారి గెలిచి కాంస్యం తెచ్చుకున్నారు. నన్నడిగితే 565 కంటే ఈ కాంస్యం గురించి చెబితే మన పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది. జిల్లా సెలెక్షన్లలో మొదటి రౌండ్‌లోనే పోయి, రాకెట్ అటక మీద పడేసిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఊళ్లలో చాలా హాళ్లకు ఉన్నది ఒకటే కోర్టు, మహా అయితే రెండు. ఆరు మీటర్ల పది సెంటీమీటర్ల వెడల్పు, పదమూడు మీటర్ల నలభై పొడవు. దాంట్లో సింగిల్స్ ఆడితే ఇద్దరు, డబుల్స్ ఆడితే నలుగురు. ఇరవైమంది పిల్లలుంటే ఈ తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ మన దగ్గర పిల్లల ఆటంటే సింగిల్సే. తండ్రులకు తమవాడు ఒక్కడే సైనా, సింధు అయిపోవాలి. జోడీ అంటే పక్కింటివాళ్ల పిల్లాడికి కూడా పేరొస్తుందని బెంగ. (ఈ మాట కొట్లో చాలామంది తల్లిదండ్రులతో అన్నాను. నవ్వి ఊరుకుంటారు, ఖండించరు.) మన ఒడిశా నుంచే రుతుపర్ణ, శ్వేతపర్ణ పండా అక్కచెల్లెళ్లు డబుల్స్ ఆడుతూ అంతర్జాతీయ టోర్నీల దాకా వెళ్లారు. మన పిల్లల్లో వాళ్ల పేర్లు తెలిసినవాళ్లు ఎందరు? మా హాల్లో తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ కలిసే ఆడతారు. స్కోరు ఇంగ్లీషులో చెప్పుకుంటారు, లైన్ మీద పడిందా లేదా అని ఒడియాలో పోట్లాడుకుంటారు, ఓడిపోతే ఎవరి భాషలో వాళ్లు ఏడుస్తారు. జోడీలు కట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక గంటల సంగతి. మా హాల్లో పొద్దున్న అయిదున్నర నుంచి ఎనిమిది దాకా పెద్దల బ్యాచ్. సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిది దాకా మెంబర్లు. పిల్లలకు ఇచ్చింది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. బడి ఉన్న రోజుల్లో ఆ టైముకి ఏ పిల్లాడు వస్తాడు? సెలవుల్లో వస్తే రేకుల కప్పు కింద మే నెల ఎండ. ఫ్యాన్లు వేస్తే కాక్ పక్కకు కొట్టుకుపోతుందని వాటినీ ఆపేస్తారు. మెంబర్లు డబ్బు కడుతున్నారు, నిజమే. కరెంటు బిల్లు వాళ్ల చందాతోనే నడుస్తోంది, అదీ నిజమే. వాళ్లను తీసేయమని నేననడం లేదు, వాళ్లు ఆడకపోతే నా గట్టింగ్ మెషీనూ తిరగదు. ఆడేది గంటసేపు, హాల్లో గడిపేది మూడు గంటలు, మిగతా రెండు గంటలు బెంచీ మీద రాజకీయాలు. ఆ బెంచీ బయట వేసినా రాజకీయాలకేం లోటు రాదు. నాలుగు నుంచి ఆరున్నర దాకా పిల్లలకు వదిలి, మెంబర్లు ఆరున్నరకు మొదలుపెడితే ఎవరి ఆటా తగ్గదు. ఆడపిల్లలకైతే మరీ రాత్రి కాకుండా ఇల్లు చేరే టైము అదొక్కటే. మా హాల్లో ఏడో తరగతి దాటాక ఆడపిల్లలు కనిపించకపోవడానికి కారణం ఆట మీద ఇష్టం పోవడం కాదు.

రాష్ట్రం ఆటలకు డబ్బు పెట్టలేదని మనం అనలేం. 2021లో ఒడిశా ప్రభుత్వం పట్టణాల్లో 89 ఇండోర్ స్టేడియాలు కడతామని ప్రకటించింది. భువనేశ్వర్‌లో గోపీచంద్ పేరుతో అకాడమీ వచ్చింది. బర్గఢ్ జిల్లా అత్తాబిరాలో పెరిగిన ప్రమోద్ భగత్, చిన్నప్పుడే పోలియో సోకిన మనిషి, టోక్యో పారాలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచాడు. అత్తాబిరా మన ఊళ్ల కంటే పెద్దదేం కాదు. తుపాను వస్తే హాల్లో జనాన్ని పెట్టండి, ఎన్నికలప్పుడు పెట్టెలు పెట్టుకోండి, ఎవరూ కాదనరు. రిసెప్షన్లకు మాత్రం దయచేసి ఇవ్వకండి. సింథటిక్ మ్యాట్ మీద పాయసం ఒలికితే ఎన్ని కడుగులు కడిగినా జిగురు పూర్తిగా పోదు, కుర్చీ కాళ్లు దిగిన చోట గుంటలు పడతాయి. ఆ గుంటలో మడమ మడతపడిన పిల్లను నేనే ఆటోలో ఎక్కించాను. టైల్స్ వేసిన హాళ్ల గతి ఇంకా ఘోరం. పెద్దవాళ్లు నిలబడి ఆడతారు కాబట్టి తెలియదు, ఎగిరి స్మాష్ కొట్టే పిల్లలకు మోకాళ్లు పోతాయి. లైట్లు కూడా కోర్టుకు సరిగ్గా నడినెత్తిన బిగించారు. కాక్ పైకి లేస్తే చూసినవాడికి కళ్లు చెదురుతాయి. వాటిని రెండు పక్కలకూ జరిపి బిగించడం ఎలక్ట్రీషియన్‌కు ఒక్క పూట పని.

ఇంకొక చిన్న విషయం, కాక్‌లు. ఫెదర్ కాక్‌ల ధర ఈమధ్య ఎలా పెరిగిందో కొనేవాళ్లకు తెలుసు, అమ్మే నాకు ఇంకా బాగా తెలుసు. మెంబర్లు ఒక్క ఈక విరిగితే పక్కన పారేస్తారు. మా హాలు ఎదురుగా టీ కొట్టుంది. ఆరో తరగతి పిల్ల ఒకర్తి, వాళ్ల తమ్ముడు ఆ పారేసిన కాక్‌లు ఏరుకొచ్చి, మరుగుతున్న కెటిల్ మూతి దగ్గర ఆవిరికి పట్టి, వంగిన ఈకల్ని వేలితో ఒక్కోటీ నిలబెడుతుంటారు. టీ కొట్టాయన ఒడియాలో తిడుతూనే కెటిల్‌ను వాళ్ల వైపు తిప్పుతాడు. ఆ పిల్ల రాకెట్ ఫ్రేమ్ పగిలితే ఇన్సులేషన్ టేప్ చుట్టుకుంది. టేప్ చుట్టిన ఫ్రేమ్ మీద తీగను ఇరవై పౌండ్ల బిగువుకు మించి లాగలేను, లాగితే విరిగిపోతుంది. అయినా ఆ రాకెట్‌తోనే ఆమె బ్యాక్‌హ్యాండ్ సర్వీసు మా మెంబర్లలో సగం మంది కంటే తక్కువ ఎత్తులో వేస్తుంది. మీ కాక్‌లు పారేసే చోట ఒక డబ్బా పెట్టించండి. అవి పిల్లల ప్రాక్టీసుకు చక్కగా పనికొస్తాయి. కోచ్ ఒక్కో కాక్ చేత్తో విసిరి కొట్టించడానికి కొత్తవి అక్కర్లేదు.

కొందరు అంటుంటారు, పిల్లలకు అంత ఇష్టముంటే పాతపట్నమో పార్వతీపురమో ఇచ్ఛాపురమో పంపించుకోవచ్చుగా, అక్కడంతా మన తెలుగేగా అని. పంపించేవాళ్లు పంపిస్తున్నారు. కానీ మన పిల్లలు చదివేది ఒడిశా బడుల్లో, సెలెక్షన్లు ఆడాల్సింది ఇక్కడి జిల్లా తరఫున. 1936లో ఒడిశా ఏర్పడి గీత గీశాక ఇటువైపు ఉండిపోయినవాళ్లం మనం. భాష అటు, కాగితాలు ఇటు. అటు వెళ్లి ఆట నేర్చుకున్నా ఇటు కోర్టులో అలవాటు లేకపోతే సెలెక్షన్ రోజున తడబడతారు. ఇక్కడి కోర్టు ఇక్కడి పిల్లలకు దొరకాల్సిందే.

వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ నాలుగున్నుంచి ఆరున్నర అనే మాట ఒక్కటి ముందు పెట్టండి. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు. తాళం ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వస్తుంది కాబట్టి చెబుతున్నాను, హాలుకు దగ్గర్లో ఉన్న ఇద్దరు డ్రిల్ మాస్టార్లు పూచీ పడతామన్నారు, ఒకరు తెలుగు, ఒకరు ఒడియా. డబుల్స్ జోడీలు కట్టే పని కూడా వాళ్లకే అప్పగించండి, తల్లిదండ్రుల్ని కలగజేసుకోనివ్వకండి. పిల్లల రాకెట్లకు గట్టింగ్ నేను ఊరికే వేసిస్తాను. తీగ ఖర్చు కమిటీ పెట్టుకుంటే చాలు, అదీ చవకరకం కాకుండా కాస్త మంచి తీగ.

ఇట్లు,
మీ రాకెట్లకు గట్టింగ్ వేసేవాడు